ఎంతకాలం పట్టుకుంటావ్? ఎవరు వదులుతారు?

శుక్రవారం వచ్చిందంటే ఇక్కడ మనవాళ్లకు రెండే పనులు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం. ఆ రోజు నేను బకెట్ ముందు కూర్చుని ఉండగానే హైదరాబాదు నుంచి మా తమ్ముడి ఫోన్ వచ్చింది. మామూలుగా వాడు అమ్మ సంగతులు, పొలం సంగతులు చెప్పి పెట్టేస్తాడు. ఆ రోజు గొంతు వేరుగా ఉంది.

"అన్నా, నా ప్యాచ్ వాపస్ కొట్టిండ్రు. ఆరు నెలల కష్టం. రెండే రెండు ప్రశ్నలు అడిగి పక్కకు పెట్టిండ్రు. ఈ పని నాతోని గాదు, వేరే టీముకు పోతా."

వాడు చిప్పులు తయారు చేసే ఒక కంపెనీలో డ్రైవర్లు రాస్తాడు. డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదు. కొత్తలో మా నాయన ఊరంతా 'చిన్నోడు డ్రైవర్ పనిల చేరిండు, మంచి జీతమే' అని చెప్పుకొచ్చాడు. కెమెరా, ప్రింటర్ లాంటి పరికరానికి, కంప్యూటర్ అసలు మెదడైన కెర్నల్‌కు మధ్య మాట కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. లినక్స్ అనే ఆ కెర్నల్ మన దగ్గర లేదనుకోవద్దు. క్యాంపులో ప్రతి మంచం మీద ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తున్నది అదే.

నేను నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. అవాలిలో పాత ఇళ్ల మరమ్మతు సైటులో సూపర్‌వైజర్‌ను. 1932లో ఇక్కడి జబల్ దుఖాన్ దగ్గర చమురు పడ్డ తర్వాత ఆయిల్ కంపెనీ కట్టుకున్న ఊరు ఇది. కంప్యూటర్ సంగతి నాకెందుకు అనుకుని ఫోన్ పెట్టేసేవాణ్ణే. కానీ వాడు ఆ రెండు ప్రశ్నలు చదివి వినిపించేసరికి చేతిలో బట్ట అట్లనే ఆగిపోయింది. ఒకటి: "ఈ పేజీలను ఎంతకాలం పట్టుకుంటావు?" రెండు: "మధ్యలో తప్పు జరిగితే, అప్పటిదాకా పట్టుకున్నవాటిని ఎవరు వదులుతారు?"

ఈ రెండు ప్రశ్నలు అడగనందుకే నేను ఒకసారి సైటులో తల దించుకున్నాను. అది తర్వాత చెప్తాను. ముందు వాడు నాకు చెప్పింది, నాకు అర్థమైన భాషలో చెప్తాను.

కంప్యూటర్ మెమరీని కెర్నల్ చిన్న చిన్న ముక్కలు చేసి వాడుతుంది. ఒక్కో ముక్కను పేజీ అంటారు. మామూలుగా ఒక పేజీ 4 కేబీ. 16 జీబీ మెమరీ ఉంటే 40 లక్షల పైచిలుకు పేజీలు అన్నమాట. ప్రోగ్రాములకు ఈ పేజీల అసలు చోటు తెలియదు. వాటికి తెలిసింది ఒక చిరునామా మాత్రమే. గల్ఫ్‌లో మనకు పోస్ట్‌బాక్స్ నంబర్ ఉంటుంది చూడండి, అట్లాంటిది. క్యాంపు సల్మాబాద్ నుంచి ఇంకో చోటికి మారినా ఇంటి దగ్గర అమ్మ రాసే చిరునామా మారదు, పెట్టె నంబర్ అదే. ఉత్తరం ఏ గదికి చేర్చాలో ఆఫీసువాళ్ల పుస్తకంలో దిద్దుకుంటే చాలు. కెర్నల్ దగ్గర కూడా అట్లాంటి పుస్తకం ఉంది, దాన్ని పేజ్ టేబుల్ అంటారు. పేజీలోని సరుకును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి, పుస్తకంలో దిద్దేస్తుంది. ప్రోగ్రాముకు తెలియను కూడా తెలియదు. దీన్ని మైగ్రేషన్ అంటారు. అవును, మన మైగ్రేషనే, అదే మాట.

ఎందుకు మారుస్తుంది? ముఖ్యంగా వరుసగా ఖాళీ కావాలి కాబట్టి. పెద్ద పనులకు 2 ఎంబీ ముక్కలు వాడితే వేగం వస్తుంది. 2 ఎంబీ అంటే పక్కపక్కనే 512 పేజీలు ఖాళీగా ఉండాలి. అక్కడొకటి ఇక్కడొకటి ఖాళీ ఉంటే పనికిరాదు. ఎనిమిది గదుల్లో ఒక్కో మంచం ఖాళీగా ఉంటే కొత్తగా వచ్చిన ఎనిమిది మంది బృందాన్ని ఒక గదిలో పెట్టలేం కదా. క్యాంపు బాస్ ఏం చేస్తాడు? ఉన్నవాళ్లను అటూ ఇటూ సర్ది ఒక గది ఖాళీ చేయిస్తాడు. కెర్నల్ చేసేదీ అదే.

ఇక పిన్ చేయడం. కెమెరా, నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాలు చాలావరకు పుస్తకం చూడవు. వాటికి నేరుగా గది నంబరే ఇచ్చేస్తారు. 'ఫలానా చోట నింపు' అంటే అక్కడే నింపుతాయి. అవి నింపుతుండగా కెర్నల్ ఆ పేజీని వేరే చోటికి మార్చిందనుకోండి, పరికరం పాత గదిలోనే సరుకు దించుతుంది. అప్పటికి ఆ గదిలో ఇంకెవరో ఉంటారు. వాళ్ల సామాను పాడు, మన సరుకు గల్లంతు. అందుకని పరికరం పని అయ్యేదాకా ఆ పేజీని కదలకుండా మేకు కొట్టి పెడతారు. పని కాగానే మేకు తీయాలి. అదే పిన్, అన్‌పిన్.

మేకు కొట్టిన పేజీ కదలదు. కదలని పేజీ ఒక్కటి మధ్యలో ఉంటే చుట్టూ ఉన్న 511 ఖాళీ అయినా ఆ 2 ఎంబీ ముక్క దొరకదు. అందుకే ప్యాచ్ చూసేవాళ్లు మొదటి ప్రశ్న అట్లా అడిగారు.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ల కింద, వేరే సైటులో. పని మొదలైన కొత్తలో జనరేటర్‌కు బేస్ కావాలన్నారు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు కాంక్రీట్ దిమ్మె. ఎక్కడ పోయాలి? ఎదురుగా ఖాళీ జాగా ఉంది. డ్రాయింగులో ఆ జాగా డ్రైనేజీ పైపు లైనుకు వదిలిపెట్టినదే. కానీ పైపు పని వచ్చేది ఎనిమిది నెలల తర్వాత. 'టెంపరరీయే కదా' అన్నాడు ఫోర్‌మన్. 'టెంపరరీయే' అన్నాను నేను. ఇన్‌స్పెక్షన్ కాగితంలో 'స్థలం సరిచూశారా' అన్న గడిలో టిక్ పెట్టి సంతకం చేశాను. ఎన్నాళ్లుంటుంది, ఎవరు తీస్తారు అని నేనూ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు.

ఎనిమిది నెలల తర్వాత పైపు గ్యాంగు వచ్చింది. డ్రైనేజీ లైను అంటే మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కు తిన్నగా, వాలు ప్రకారం పోవాలి. మన ఇష్టమొచ్చినట్టు వంకర తిప్పలేం. 60 మీటర్లు నున్నగా ఖాళీ జాగా, మధ్యలో ఒక్క జనరేటర్. అప్పటికి సైటు ఆఫీసుకు, వెల్డింగుకు, నీళ్ల మోటార్లకు కరెంటు దాని మీదే ఉంది. ఆపితే సైటంతా ఆగుతుంది. వేరే చోట బేస్ పోసి, అది గట్టిపడేదాకా ఆగి, కేబుళ్లు మార్చి, పాతదాన్ని బ్రేకర్‌తో పగలగొట్టేసరికి పదిహేను రోజులు పట్టింది. పైపు గ్యాంగులోని పన్నెండు మంది ఆ రోజుల్లో చాలావరకు ఖాళీగా కూర్చున్నారు. ఓవర్‌టైమ్ లేదు. అందులో ఇద్దరు జగిత్యాల వైపు పిల్లలు. నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇది చెప్తే మా తమ్ముడు నవ్వాడు. "అన్నా, కెర్నల్‌ల కూడా గసొంటి జాగా ఉంది" అన్నాడు. కెమెరాకు, వీడియోకు వరుస మెమరీ కావాలని ముందే కొంత జాగా గీత గీసి పెడతారట. సీఎంఏ అంటారు. కెమెరా వాడనప్పుడు ఆ జాగా వృథా కాకుండా వేరే పేజీలను ఉండనిస్తారు. షరతు ఒక్కటే, అడగ్గానే లేచి పక్కకు పోవాలి. లేవగలిగిన పేజీలకే అక్కడ చోటు. అట్లాంటి చోట ఒకడు మేకు కొట్టుకుని కూర్చుంటే మనం ఫోన్‌లో కెమెరా తెరిచినప్పుడు జాగా దొరకదు. నా జనరేటర్ దిమ్మె అదే.

వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు బాగా నచ్చింది. కాసేపటికి పట్టుకునేవాడు ఉన్నచోటే మేకు కొట్టుకోవచ్చు. చాలాకాలం పట్టుకోవాలనుకునేవాడు 'లాంగ్‌టర్మ్' అని ముందే ఒప్పుకోవాలి. అట్లా ఒప్పుకుంటే కెర్నల్ ఆ పేజీ ఎక్కడుందో చూస్తుంది. సీఎంఏ జాగాలోనో, 'కదిలేవాటికి మాత్రమే' అని వదిలిన మండలంలోనో ఉంటే ముందు దాన్ని బయటికి మార్చి, ఆ తర్వాతే మేకు కొట్టనిస్తుంది. ముందు వలస, తర్వాత మేకు. ఇది ఒక్క రోజులో రాలేదు. సీఎంఏ జాగా వరకు ఈ పద్ధతి 2019లో గట్టిపడింది. మేకుల లెక్కను మామూలు లెక్క నుంచి వేరు చేసే పిన్ యూజర్ పేజెస్ అనే ఏర్పాటును జాన్ హబ్బర్డ్ తెచ్చాడు, అది 2020లో 5.6 వెర్షన్‌తో వచ్చింది. కదిలే మండలంలో దీర్ఘకాలం మేకు కొట్టకుండా ఆపే ప్యాచులు పావెల్ టటాషిన్ రాశాడు, అవి 2021లో 5.13 వెర్షన్‌లో కలిశాయి.

మేకుల లెక్క మాట వచ్చింది కాబట్టి ఒక చమత్కారం చెప్పాలి. ప్రతి పేజీకి 'నన్ను ఎంతమంది పట్టుకున్నారు' అనే ఒక అంకె ఉంటుంది. మామూలుగా పట్టుకుంటే ఒకటి పెరుగుతుంది. చిన్న పేజీకి మేకు కొడితే ఒకేసారి 1024 పెరుగుతుంది. పేజీలో ఇంకో లెక్క రాయడానికి చోటు లేదు, అందుకని ఉన్న అంకెలోనే ఇట్లా గుర్తు పెట్టారు. అంకె 1024 దాటి ఉంటే 'ఎవడో మేకు కొట్టి ఉండొచ్చు' అని కెర్నల్ జాగ్రత్త పడుతుంది. ఒక్కోసారి మేకు లేకుండానే అంత మంది పట్టుకుని ఉండవచ్చు. ఉంటే ఉండనీ, అనవసరంగా జాగ్రత్త పడితే పోయేదేం లేదు, మేకు ఉన్నదాన్ని కదిలిస్తేనే కొంప మునిగేది అని అట్లా వదిలేశారు. సైటులో మనం లైవ్ కేబుల్ టేపు చూసినా చూడకపోయినా అనుమానం ఉంటే చేత్తో తవ్విస్తాం, అదే తెలివి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైంది. మావాడి ప్రోగ్రాము 100 పేజీలకు మేకు కొట్టమని అడిగింది. ఒక్కోసారి కెర్నల్ 60కే కొట్టి 'ఇంతే కుదిరింది' అంటుంది. అప్పుడు మావాడు 'తప్పు జరిగింది' అని రాసి బయటికొచ్చేశాడు. ఆ 60 సంగతి మరిచిపోయాడు. ఎవరూ వాడని, ఎవరూ కదిలించలేని 60 పేజీలు. ఒక్కసారికి ఏమీ కాదు. రోజుకు వెయ్యిసార్లు జరిగితే మెషిన్ ఊపిరాడక కూలబడుతుంది. పని సవ్యంగా జరిగే దారిలో మావాడు మేకులన్నీ శ్రద్ధగా తీశాడు. తప్పు జరిగే దారిలో తీయలేదు.

అక్కడే నేను వాడితో అన్నాను. "తమ్మీ, నువ్వు కష్టపడలేదని వాళ్లు అనలేదు. నీ కష్టం సగంల ఆగిపోతే ఏమైతదని అడిగిండ్రు. నన్ను గిట్ల ఎవరన్న అడిగి ఉంటే పైపు గ్యాంగు పదిహేను రోజులు కూసోకపోవు."

వాడు ఊరుకోలేదు. "నీకేం తెలుసన్నా, వాళ్ల మాట తీరు చూడాలె. పెద్ద పెద్దోళ్లు. మనం ఎక్కడో హైదరాబాదుల కూసున్న చిన్నోళ్లం." ఇందులో నిజం లేకపోలేదు. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఇతరుల పని మీద కటువుగా రాసేవాడని పేరుంది. 2018 సెప్టెంబరులో ఆయనే తన తీరుకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అదే నెలలో ప్రవర్తనా నియమావళి కూడా తెచ్చారు. ప్రశ్న సరైనదే అయినా అడిగే తీరు మనిషిని చంపేస్తుంది, ఇది సైటులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. కానీ మావాడికి వచ్చిన మెయిల్ నాకు చదివి వినిపించాడు కదా. అందులో తిట్టు ఒక్కటి లేదు. వాడికి నొప్పి తగిలింది మాటల వల్ల కాదు, తప్పు దొరికినందువల్ల. నాకూ ఆ నొప్పి తెలుసు.

పెద్దవాళ్లకు తప్పులు దొరకవా అంటే, ఈ పేజీల వ్యవహారంలోనే దొరికింది. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు మీద మామూలు యూజర్ రాసేసి, మొత్తం మెషిన్ పెత్తనం చేజిక్కించుకోగలిగే లోపం. ప్రోగ్రాము పేజీలను పట్టుకునే ఆ దారిలోనే ఉంది. 2007 నుంచి కెర్నల్‌లో ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లకూ తగిలింది. దాన్ని సరిచేసిన ప్యాచ్ మీద టోర్వాల్డ్స్ స్వయంగా ఏం రాశాడంటే, పదకొండేళ్ల కింద తానే దీన్ని సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయానని, తర్వాత వేరే ఇబ్బంది వచ్చి ఆ మార్పును తీసేశారని. అందరూ చూసేచోట, తన పేరుతో. మన సైట్లలో ప్రాజెక్ట్ మేనేజర్ 'పదకొండేళ్ల కింద నేను చేసిన పని సరిగ్గా లేదు' అని రాసి సంతకం పెట్టిన కాగితం నేను చూడలేదు. నేనూ రాయలేదు. ఆ జనరేటర్ రిపోర్టులో 'స్థల సమస్య' అని రాసి ఊరుకున్నాను. మొదటిసారి నిజం రాస్తున్నది ఇక్కడే.

కెర్నల్‌లో ప్రతి ప్యాచ్ కింద రాసినవాడి సంతకం ఉండాలి. 2004 నుంచి ఆ పద్ధతి. చూసి ఒప్పుకున్నవాడు కూడా 'రివ్యూడ్ బై' అని తన పేరు పెడతాడు. తప్పు ఉండదని అది గ్యారంటీ కాదు. నేను చదివాను, నాకు కనబడ్డ తప్పు మిగల్లేదు అని మాట ఇవ్వడం. మన ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకాలకు కూడా అదే అర్థం ఉండాలి. మనం ఏం చేస్తున్నాం? కాంక్రీట్ లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఎండకు గట్టిపడుతుందని డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, మనం గడులన్నీ టిక్ పెట్టేస్తాం. లారీని పిలవకముందు చూడాల్సినదాన్ని లారీ వచ్చాక చూస్తే అది చూడడం కాదు.

ఇంత చదివాక మీలో కొందరికి ఇంకోటి తట్టి ఉంటుంది, నాకూ తట్టింది. మేకు, వలస, దీర్ఘకాలం, ఎవరు వదులుతారు. ఇవి మన మాటలే కదా. పేజీకి ప్రాణం లేదు, మనకుంది, కాబట్టి పోలికను మరీ సాగదీయను. పేజీని మార్చితే దానికి తెలియదు. మనిషిని మార్చితే భార్యకు తెలుస్తుంది, పిల్లలకు తెలుస్తుంది. అయినా గల్ఫ్‌లో కఫీల్ పద్ధతి అంటే ఒక యజమానికి మేకు కొట్టడమే. బహ్రెయిన్ ఇందులో మిగతావాళ్ల కన్నా ముందు అడుగు వేసింది. 2006 చట్టంతో ఎల్ఎంఆర్ఏ ఏర్పడింది, 2009లో యజమాని ఒప్పుకోలు లేకుండానే పని మారవచ్చన్నారు, 2011లో కనీసం ఏడాది అక్కడే చేయాలని షరతు పెట్టారు. 2017లో ఫ్లెక్సీ పర్మిట్ వచ్చింది, 2022లో దాన్ని తీసేసి వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చారు. వదులు చేయడం, మళ్లీ బిగించడం, మళ్లీ వదులు చేయడం.

కానీ నా ఫిర్యాదు చట్టం మీద కాదు, మన మీద. వచ్చేటప్పుడు మనం అడిగే ప్రశ్న 'జీతం ఎంత' ఒక్కటే. ఎంతకాలానికి సంతకం చేస్తున్నాను, మధ్యలో పని ఆగిపోతే టికెట్ ఎవరు పెడతారు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది, ఆఖర్లో రావాల్సిన సర్వీసు డబ్బు ఎవరు ఇస్తారు, ఇవి అడగం. అంతా సవ్యంగా జరిగే దారిని గురించే మాట్లాడుకుంటాం. మావాడి ప్రోగ్రాములాగే. ఆ చివరి డబ్బు సంగతిలో బహ్రెయిన్‌లో ఒక మార్పు వచ్చింది, చాలామందికి తెలియదు. 2024 మార్చి నుంచి విదేశీ కార్మికుల సర్వీసు డబ్బును యజమాని నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకు కట్టాలి. అంతకుముందు చివరి రోజు యజమాని చేతి నుంచే రావాలి, కంపెనీ మూతపడితే ఎవరినడగాలో తెలిసేది కాదు. ఇప్పుడు 'ఎవరు వదులుతారు' అన్నదానికి ఒక జవాబుంది. అంతకు ముందటి ఏళ్ల డబ్బుకు మాత్రం ఇప్పటికీ యజమానే బాధ్యుడు. అది మీ కాగితాల్లో ఎట్లా రాసి ఉందో ఈ శుక్రవారమే చూసుకోండి.

ఇంకొక్క మాట, మనల్ని మనమే మేకు కొట్టుకోవడం గురించి. నేను 'రెండేళ్లే' అని వచ్చాను. ఇంట్లోనూ రెండేళ్లే అని చెప్పాను. పన్నెండేళ్లయింది. చాలాకాలం అని మొదటిరోజే ఒప్పుకుని ఉంటే ముందు సర్దుకోవాల్సినవి సర్దుకునేవాణ్ణి. పొలం కౌలుకిచ్చేవాణ్ణి, అప్పు వేరే తీరుగా తెచ్చేవాణ్ణి, నాయన కంటి ఆపరేషన్ నా సెలవు కోసం మూడేళ్లు ఆగేది కాదు. టెంపరరీ అన్నాం కాబట్టి ఏదీ కదిలించలేదు. అన్నీ ఉన్నచోటే ఉండిపోయాయి, నా జనరేటర్‌లాగా.

తమ్ముడు వేరే టీముకు పోలేదు. లాంగ్‌టర్మ్ అని రాశాడు, తప్పు జరిగే దారిలో 60 పేజీల మేకులు తీసే నాలుగు లైన్లు కలిపాడు. రెండోసారి పంపితే ఇంకో తప్పు దొరికింది. ఈసారి ఫోన్‌లో ఏడవలేదు, "వీళ్లు బాగ చూస్తున్నరన్నా" అన్నాడు. మూడోది పంపి జవాబు కోసం చూస్తున్నాడు.

ఇక్కడ నా ఇన్‌స్పెక్షన్ కాగితంలో నేను చేత్తో రెండు గడులు గీసుకున్నాను. 'టెంపరరీ అయితే ఏ తేదీ వరకు?', 'తీసేది ఎవరు?' మొన్న స్కాఫోల్డింగ్ మేస్త్రీ ఆ గడులు చూసి, "ఇదేంది సార్ కొత్తగా" అన్నాడు. తేదీ రాస్తేనే సంతకం పెడతానన్నాను. విసుక్కుంటూ రాశాడు. ఆ తేదీ వచ్చే బుధవారం.